డెబ్బై గదులున్న మేడమ్

2021లో ఆసుపత్రి కాంట్రాక్టు అయిపోయి, ఇంకొకటి దొరికేలోగా నేను ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే నర్సుగా చేరాను. మొదటి ఇల్లు దుబాయ్‌లో, డబ్బున్నవాళ్ళుండే జుమేరాలో. ఎనభై తొమ్మిదేళ్ళ ఇంగ్లీషు మేడమ్ తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. కొడుకు ఏదో కంపెనీలో పెద్ద ముదీర్, అంటే మేనేజరు.

మొదటిరోజు నేను బీపీ చూస్తుండగా ఆవిడ అంది: "ఇంగ్లండులో మా ఇంటికి డెబ్బై గదులు."

నేను బీపీ మళ్ళీ చూశాను. సరిగ్గానే ఉంది.

ఆ తర్వాత రోజుకో గది చొప్పున ఆ ఇంటి చరిత్ర సాగింది. మొదటి దొర పక్కూరి దొర మీద పంతంతో అరవై రెండు కిటికీలు పెట్టించాడట. లెక్క కుదరక వాటిలో రెండు ఉత్తుత్తివే, తెరిస్తే గోడ. రెండో దొర చెరువు తవ్విస్తూ, అడ్డొచ్చిందని ఊరినే అవతలికి జరిపించాడు. యుద్ధంలో సైనికులు దిగి, చలికి తట్టుకోలేక మెట్ల చెక్క రెయిలింగుని పొయ్యిలో పెట్టేశారు. యుద్ధం తర్వాత కప్పు కారడం మొదలైంది. వానొస్తే విందుకొచ్చినవాళ్ళు బకెట్ల మధ్య దారి చూసుకుని కుర్చీ చేరాలి. చివరికి అమ్మేశారు. ఇప్పుడందులో పెళ్ళిళ్ళు చేస్తారట.

నైఫ్ పేటలో నాతో గది పంచుకునే భీమవరం అక్క కూడా నర్సే. రోజూ ఇంటికి రాగానే అడిగేది: "ఏమ్మా, మీ దొరసానమ్మ ఇయ్యాల ఏ గది చూపించింది?"

నేను పొంగిపోయేదాన్ని. చర్చిలో నలుగురికీ కూడా చెప్పాను. మేడమ్ ముందు కూర్చోవడం మానేశాను. టీ ఇచ్చేటప్పుడు నడుము కాస్త వంచేదాన్ని కూడా.

ఒక శుక్రవారం కొడుకు నన్ను చూసి, "ఎప్పుడూ నిలబడే ఉంటావేం సిస్టర్?" అన్నాడు.

"అంత పెద్ద వంశం ముందు ఎలా కూర్చుంటాను సార్?"

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఏ వంశం? మా అమ్మమ్మ ఆ ఇంట్లో వంటమనిషి. అమ్మ పుట్టింది వంటింటి వెనక గదిలో. పెళ్ళయ్యేదాకా ఆ ఇల్లు ఊడ్చింది."

నా చెవులు వేడెక్కాయి. నేరుగా లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. మేడమ్ కుర్చీ వంకా నా వంకా చూసింది.

"చెప్పేశాడా?"

"మా ఇల్లు అన్నారు కదా మేడమ్."

"దొరగారికి ఆ ఇంట్లో తెలిసినవి తొమ్మిది గదులు. ఒకసారి సబ్బు కోసం కిందికి దిగి, దారి తప్పి బొగ్గుల కొట్టులో తేలాడు. నేనే చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. డెబ్బై గదులూ తుడిచింది నేను. ఇప్పుడు చెప్పు, ఎవరిల్లు?"

మాత్రల వేళయిందన్నాను.

ఆ సాయంత్రం అక్క చేపలు వేయిస్తుంటే సంగతంతా చెప్పి, చర్చిలో మొహం ఎలా చూపించాలని వాపోయాను.

"దానికేముందే. మా అమ్మ భీమవరంలో అందరికీ ఏం చెప్తాదో తెలుసా? మా అమ్మాయికి దుబాయ్‌లో పెద్దాసుపత్రి ఉందంటాది."

"నువ్వు కాదని చెప్పలేదా అక్కా?"

"ఎందుకు చెప్పాలి? ఆ ఆసుపత్రి ఓనరు ఏనాడన్నా నేను డ్యూటీ చేసే నాలుగో అంతస్తు చూశాడా?" అంటూ చేప తిరగేసింది.

ఆ తర్వాత నేను కూర్చునే వినేదాన్ని. చరిత్ర ఇంకా బాగుంది. దొరసాని అందరి ముందూ పిట్టలా తిని, మధ్యాహ్నం వంటింట్లో నిలబడి బంగాళదుంపలు లాగించేదట.

నాలుగో నెలలో మేడమ్ వాకర్ పట్టుకుని నడిచింది. అందరం వరండాలోకి వెళ్తుందనుకుంటే వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ పక్కన వేలితో గీసి, వేలికంటిన దుమ్ము కొడుక్కి చూపించింది. ముదీర్ గారు తుడిచే గుడ్డ ఎక్కడుంటుందని నన్నడిగాడు.