రెంటచింతల వదిన, చాండ్లర్ ఐస్ హాకీ టీమ్

మా వదిన పోయిన సంగతి అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు ఇండియన్ స్టోర్ ముందు కారు పార్క్ చేస్తున్నాను. "చెల్లీ, మీ వదిన పోయిందే" అని, "గోల్‌కీపర్ ఇంకా దొరకలేదే" అన్నాడు. ఆ రెండో మాట ఎందుకన్నాడో బయటివాళ్లకు అర్థం కాదు. నాకు అర్థమైంది. అందుకే ఏడుపు ఆగలేదు.

మీలో చాలామందికి తెలియకపోవచ్చు, అమెరికాలో, అరిజోనా ఎడారిలోని ఈ చాండ్లర్ ఎండల్లో పిల్లల ఐస్ హాకీ టీమ్ ఒకటుంది. వేసవిలో స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలే ఊళ్లో, రింక్ అనే పెద్ద షెడ్డు లోపల గడ్డకట్టించిన మంచు మీద పిల్లలు కర్రలు పట్టుకుని జారుతుంటారు. ఆ టీమ్ పెట్టించింది మా వదిన. ఆంధ్రాలో ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్లయి ఇక్కడికి వచ్చేదాకా ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడలేదు.

మా మేనల్లుడు చిన్నప్పుడు ఎవరిదో బర్త్‌డే పార్టీకి వెళ్లి ఆ ఆట మీద మనసు పడ్డాడు. దగ్గర్లో టీమ్ లేదు. ఫీనిక్స్ అవతలి కొసకు డ్రైవ్ చేసి చేసి విసిగిన వదిన, ఇక్కడి రింక్‌లో స్కేటింగ్ నేర్పే పెద్దాయన్ని వెళ్లి అడిగింది. మంచు బాగా కురిసే మిన్నెసోటా నుంచి వచ్చి స్థిరపడిన ఆయన, సరిపడా పిల్లల్నీ ఒక గోల్‌కీపర్నీ తెస్తే కోచింగ్ తాను చూసుకుంటానన్నాడు. అంతే, వదిన వాట్సాప్ గ్రూపులన్నీ హోరెత్తించింది. సత్యనారాయణ వ్రతానికి పిలిచినా, ప్రసాదం తినేలోగా ఆ ఇంటి పిల్లాణ్ణి టీమ్‌లో చేర్చుకుని వచ్చేది. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, వీధి చివరి మెక్సికన్ కవలలు, అలా పోగయ్యారు. మొదటి సీజన్ మొత్తం ఓడిపోయారు. రెండోది కూడా అంతే.

మూడో ఏడు దసరా రోజున మ్యాచ్ పడింది. ఆయుధపూజ మానుకోవడం వదిన వల్ల అయ్యే పని కాదు. పిల్లలందరి కర్రలకూ స్కేట్లకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆట మొదలైన కాసేపటికి మంచు మీద ఎర్రటి మరకలు. రిఫరీ విజిల్ ఊది ఆట ఆపేసి, దెబ్బ ఎవరికి తగిలిందోనని ఒక్కొక్కళ్లనే పరీక్షగా చూడసాగాడు. అది రక్తం కాదనీ, దేవుడి బొట్టనీ వదిన వెళ్లి చెప్పుకునేసరికి చూస్తున్నవాళ్లంతా నవ్వుతున్నారు. ఆ సిగ్గుకు నెలరోజులు రింక్ వైపు పోదనుకున్నాను. మర్నాడు ప్రాక్టీస్‌కి అందరికంటే ముందు తనే ఉంది. మావాళ్లు గెలిచిన మొదటి మ్యాచ్ అదే కావడంతో, మరుసటి ఏడు బొట్లెప్పుడు పెడతావని కోచే వచ్చి అడిగాడు. స్కేట్లకు మాత్రం వద్దని బతిమాలుకున్నాడు.

ఆట రూల్స్ ఆమెకు చివరిదాకా ఒంటబట్టలేదు. విజిల్ వినపడ్డప్పుడల్లా "ఇప్పుడేమైందంట?" అని పక్కవాళ్ల ప్రాణం తీసేది. నేను వెక్కిరిస్తే, "ఆట చూట్టానికి ఆట తెలియక్కర్లేదు, పిల్లాడి పేరు తెలిస్తే చాల్లే" అనేది. పిల్లలెవరైనా పడి ఏడుస్తుంటే, "పడటం అయిపోయింది గదరా, ఇంక లేవటమేగా" అనేది. ఆ మాట తెలుగు రాని కవలలకు కూడా అర్థమయ్యేది.

ఆ టీమ్ చరిత్ర రాస్తే సగం వీసాల చరిత్రే అవుతుంది. ఇక్కడి కంప్యూటర్ చిప్ ఫ్యాక్టరీలో కొత్త ప్రాజెక్ట్ వస్తే ఇద్దరు పిల్లలు చేరేవారు, లేఆఫ్‌లు వస్తే ముగ్గురు వెళ్లిపోయేవారు. పోయినప్పుడల్లా వదిన మళ్లీ ఫోన్ పట్టుకునేది. మేనల్లుడు కాలేజీకి వెళ్లిపోయాక, నీ కొడుకే ఆడనప్పుడు నీకెందుకు ఈ తిప్పలని అడిగాను. "వాడొక్కడేనా పిల్లాడు?" అంది.

ఈ వేసవిలో వదిన మంచాన పడింది. అదే నెలలో మా గోల్‌కీపర్ అమ్మాయి వాళ్ల నాన్న ఉద్యోగం పోయి, ఆ కుటుంబం కెనడా వెళ్లిపోయింది. గోల్‌కీపర్ లేక మొదటి మ్యాచ్‌కి రాలేకపోతే టీమ్‌ని తీసేస్తామని లీగ్ వాళ్లు చెప్పారు. ఆస్పత్రి మంచం మీద నుంచే వదిన ఊరంతటికీ ఫోన్లు చేసింది. "మీవాడు ఒకచోట నిలబడతాడా? చాలు, మిగతాది కోచ్ చూసుకుంటాడు" అంటుంటే నర్సు వచ్చి ఫోన్ లాక్కున్న రోజులున్నాయి. అన్నయ్య పక్కనే కూర్చుని నంబర్లు వెతికిపెట్టేవాడు. అంతకుముందు ఏనాడూ రింక్ గడప తొక్కని మనిషి. చలి పడదనేవాడు. ఆ కీపర్ దొరక్కుండానే వదిన వెళ్లిపోయింది.

కర్మకాండలు ముగిసిన వారానికి ఆ మొదటి మ్యాచ్. సంగతి తెలిసి, అవతలి టీమ్ కోచ్ తమ రెండో గోల్‌కీపర్ని ఆ ఒక్క పూటకు మాకిచ్చాడు. మా జెర్సీ వేసుకుని, తన స్నేహితులు కొట్టే బంతుల్ని చాలావరకు ఆ పిల్లాడు నిజాయితీగా ఆపాడు. బంతి అంటే వదిన అలవాటు, మంచు మీద జారే ఆ రబ్బరు బిళ్లను పక్ అనాలి. అయినా ఓడిపోయాం. వచ్చే వారం ఎవరు నిలబడతారో తెలియదు. ఈ వారానికి మాత్రం టీమ్ ఉంది.

ఆట అయ్యాక రెండు టీమ్‌ల పిల్లలూ వరుసలు కట్టి, ఒకళ్ల చేతికి ఒకళ్లు చెయ్యి తగిలిస్తూ "గుడ్ గేమ్, గుడ్ గేమ్" అంటూ సాగిపోతారు. ఆ రోజు మా వరుస చివర్లో అన్నయ్యను నిలబెట్టాడు కోచ్. మామూలు బూట్లతో మంచు మీద జారిపోకుండా ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాడు అన్నయ్య. అవతలి పిల్లలు అన్నయ్య ముందుకు రాగానే, ఎవరూ చెప్పకుండానే, చేతి తొడుగులు తీసి ఉత్త చేతులు చాపారు. అందరికంటే చివర వచ్చిన చిన్నవాడు అన్నయ్య చెయ్యి పట్టుకుని, ఏమనాలో తోచక, "గుడ్ గేమ్" అన్నాడు.

అన్నయ్య ఆ చిన్న చేతిని వదల్లేదు. "గుడ్ గేమ్ నాన్నా" అన్నాడు.