ఎడమ కాలికి పని లేని బండి

ముప్పై ఒక్క సంవత్సరాలు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు నడిపాను. ఆ దారిలో ఏ మలుపులో ఎన్నో గేరు పడాలో నా ఎడమ కాలికి బాగా తెలుసు. నేను అనుకునేలోపే అది క్లచ్ మీద ఉండేది. రిటైరయ్యాక నా కుడి చెయ్యి పేపరు పట్టుకుంది, కుడి కాలు సాయంత్రం నడకకు అలవాటు పడింది. ఎడమ కాలు మాత్రం ఒప్పుకోలేదు. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు తెర మీద ఏ బండి మలుపు తిరిగినా అది నేలను ఒక తొక్కు తొక్కేది.

అలాంటి కాలున్న ఇంటికి మా అమ్మాయి ఎలక్ట్రిక్ కారు తెచ్చింది.

మా అమ్మాయి కామారెడ్డిలోనే టీచరు. కొనేముందు నన్ను అడిగింది. అంటే, అడిగినట్టు చేసింది. "డీజిల్ బండి తీసుకో బిడ్డా, జన్మంతా సాకుతది" అన్నాను. "డీజిల్ వాసన రాకుంటే నువ్వు బండిని బండే అనవు బాపు" అని నవ్వి, తనకు నచ్చిందే తెచ్చుకుంది. ఎదురింట్లో ఉండే రిటైర్డ్ సారు ఎనిమిది నెలలు పుస్తకాలు, ఫోను తిరగేసి చివరికి పెట్రోలూ బ్యాటరీ రెండూ ఉన్న హైబ్రిడ్ కొన్నాడు. పక్కింటివాళ్ళది పాత పెట్రోలు బండే, తుమ్ముతూ దగ్గుతూ తిరుగుతూనే ఉంది. ఎదురింటి సారు రోజూ పొద్దున చాయ్ గ్లాసుతో మా గేటు దగ్గరికి వచ్చి, జ్వరం ఎంతుందని అడిగినట్టు, "ఎంత ఎక్కింది?" అని అడిగేవాడు. చార్జింగు సంగతి. హైవే మీద రెండు చార్జింగు పాయింట్లున్నాయి గానీ రెండూ ఒకేసారి పనిచేయగా నేనైతే చూడలేదు. ఎల్లారెడ్డిలో మాకు తెలిసిన చోట ఒక్కటీ లేదు.

సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ అక్కకు మనవడు పుట్టాడు, ఆరు వారాలకు తొట్టెల ఫంక్షను, అంటే పిల్లవాణ్ణి ఊయలలో వేసే వేడుక. ఎల్లారెడ్డి నాకు అత్తగారి ఊరు. ఆ ఊళ్ళో నన్ను అల్లుడు అనేవాళ్ళకన్నా డ్రైవర్ సాబ్ అనేవాళ్ళే ఎక్కువ. రిటైరైనప్పటి నుంచి బస్సులో వెనక సీట్లో కూర్చుని, సంచి పట్టుకుని దిగుతున్నాను. అది నాకు నామోషీగా ఉండేది. ఈసారి కొత్త కారు నేనే నడుపుకుంటూ వెళ్ళి, అందరూ చూస్తుండగా స్టీరింగు దగ్గర్నుంచి దిగాలి. నాకు కావాల్సిందల్లా అంతే.

మొదటి రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నేను సీట్లో కూర్చున్నాను. తిప్పడానికి తాళం లేదు, ఒక బటన్ ఉంది. నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను.

"స్టార్ట్ అయితలేదు బిడ్డా."

"అయ్యింది బాపు. నువ్వే మళ్ళ బంద్ చేసినవ్."

"అయితే సప్పుడేది?"

సప్పుడు లేని బండిని ఎలా నమ్మాలో నాకు అర్థం కాలేదు. నా బస్సు వస్తుంటే తాడ్వాయిలో ఉన్నవాళ్ళు ఇంట్లోనే చాయ్ ముగించి లేచేవాళ్ళు. ఈ బండికి మా గల్లీలో కోళ్ళు కూడా జరగలేదు.

అయినా నడిపాను. ఆ రోజు మా ఆవిడ వాళ్ళక్కకు మామిడికాయ తొక్కు పంపాలి. మా వైపు ఏ ఊరికి ఏది పంపాలన్నా బస్సు డ్రైవరు చేతికే ఇస్తాం, అటువైపు మనిషి వచ్చి తీసుకుంటాడు. నేను కూడా ముప్పై ఏళ్ళు జనాల తొక్కులూ మందులూ పెండ్లి పత్రికలూ మోసినవాణ్ణే. పక్క సీట్లో అమ్మాయి, నా వెనక మా ఆవిడ, ఆమె ఒళ్ళో తొక్కు జాడీ. బస్టాండు మలుపు వచ్చింది. గేరు మార్చాల్సిన చోటు. నా ఎడమ కాలు లేచింది, క్లచ్ ఉండాల్సిన చోటికి వెళ్ళింది, దొరికిన దాన్ని తన అలవాటు ప్రకారం అడుగు దాకా తొక్కింది. దొరికింది బ్రేకు.

కారు ఉన్నచోటే టక్కున ఆగిపోయింది. జాడీ మాత్రం ఆగలేదు. మూతి గుడ్డ ఊడి, తొక్కంతా నా మెడ మీదుగా చొక్కాలోకి జారింది. ఏప్రిల్ ఎండ, కొత్త కారం, నూనె. నేను అరుచుకుంటూ తలుపు తీసుకుని రోడ్డు మీదికి దూకాను. బస్టాండు దగ్గర జనం సంగతి తెలిసిందే కదా, ఎర్రగా కారుతున్న నన్ను చూసి "అరే, డ్రైవర్ సాబ్‌కు నెత్తి పగిలింది" అని ఉరికొచ్చారు. ఒకాయన నీళ్ళ సీసా నా నెత్తిన గుమ్మరించాడు, దాంతో కారం కంట్లోకి కూడా దిగింది. ఇంకొకాయన ఆటో పిలిచాడు. మా ఆవిడ నింపాదిగా దిగి, నా భుజం మీది ముక్క ఒకటి తీసి చూపించింది.

"రక్తం గాదన్నా. తొక్కు."

"బ్రేకులు మంచిగ లేవు" అన్నాను నేను, కళ్ళు మూసుకునే.

"మంచిగ ఉన్నయి బాపు. అందుకే ఆగింది" అంది మా అమ్మాయి.

తర్వాత వారంలో ఇంకో రెండుసార్లు అదే జరిగింది. ఒకసారి పాలవాడి మోపెడ్ మా వెనక బంపరుకు ముద్దు పెట్టింది. మూడోసారి ఎవరికీ ఏమీ కాలేదు, నా పరువుకు తప్ప. ఆఖరి ఉపాయంగా ఎడమ కాలు మడిచి, అన్నానికి కూర్చున్నట్టు కుడి తొడ కింద పెట్టుకుని నడిపాను. చాలా బాగా నడిచింది. ఇంటి ముందు ఆపి గర్వంగా దిగబోతే, తిమ్మిరెక్కిన కాలు నేల మీద నిలవక ఎదురింటి సారు కాళ్ళ మీద పడ్డాను. ఆయన దీవించినట్టు చెయ్యి కూడా ఎత్తాడు. ఆ సాయంత్రమే మా అమ్మాయి తాళం తీసుకుని బీరువాలో పెట్టింది.

ఇంత జరిగినా మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడానికి ఒక పాత కారణం ఉంది.

పదిహేనేళ్ళ క్రితం నేనొక సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొన్నాను. అప్పుడు మా ఆవిడ నాకు కూడా నేర్పు అంది. వాళ్ళక్క దగ్గరికి వెళ్ళాలంటే నా డ్యూటీ చూసుకోవాలి, నా సెలవు చూసుకోవాలి, నా మొహం చూసుకోవాలి. నేర్చుకుంటే ఎవర్నీ అడిగే పని లేదని ఆమె ఆలోచన. మార్కెట్ యార్డుకు తీసుకెళ్ళాను. క్లచ్ వదలడం రాదు, బండి ఎగిరి బంద్ పడుతుంది. హమాలీలు మూటల మీద కూర్చుని చూస్తున్నారు. నాకు కోపం నెత్తికెక్కింది. "నీతోని కాదు. ఇంటికి పోయి పిండి రుబ్బుకో పో" అన్నాను. ఆమె దిగింది, యార్డు నుంచి ఇంటిదాకా నడిచే వెళ్ళింది. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

అక్కడితో ఊరుకుంటే కొంత నయం. ఏ పెండ్లికి వెళ్ళినా, ఏ పండక్కి నలుగురం చేరినా నేను ఆ కథ చెప్పేవాణ్ణి. మా ఆవిడ తొమ్మిదిసార్లు బండి బంద్ చేసిన కథ. ప్రతిసారీ బండి ఎలా ఎగిరిందో కూర్చున్నచోటే ఎగిరి చూపించేవాణ్ణి. అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఆమె చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళేది.

ఇక తాళం బీరువాలోకి వెళ్ళిన కొద్దిరోజులకు నాకు ఒక అనుమానం వచ్చింది. పొద్దున లేవగానే మీటరు రీడింగు చూడటం నాకు డ్యూటీ నాటి అలవాటు. బండి నేను ముట్టుకోవడం లేదు, అమ్మాయి బడికి నడిచే వెళ్తోంది. అయినా రోజుకు ఆరేడు కిలోమీటర్లు పెరుగుతున్నాయి. అడిగితే "కూరగాయలకు పోతున్నం" అన్నారు ఇద్దరూ. కూరగాయలు మా గల్లీ చివరే దొరుకుతాయి. ఒక పొద్దున వాళ్ళ వెనకే ఎదురింటి సారు స్కూటరు మీద వెళ్ళాను.

మార్కెట్ యార్డు. అదే చోటు. మక్కజొన్న మూటల వెనక నక్కి చూశాను. మా ఆవిడ కొంగు నడుములో దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన అమ్మాయి. బండి కుప్పల మధ్య నుంచి చప్పుడు లేకుండా వెళ్తోంది, మలుపు తిరుగుతోంది, వెనక్కి వస్తోంది. ఒక్కసారి ఎగరలేదు. ఒక్కసారి ఆగిపోలేదు. ఎగరడానికి అందులో క్లచ్ ఏది?

నాకు సంతోషమైందని రాస్తే అబద్ధం. నాకు ఒళ్ళు మండింది. నేను ముప్పై ఏళ్ళు చెమటోడ్చి నేర్చుకున్న విద్యను ఆ బండి ఒక పెడల్ తీసేసి బజారున పడేసింది. వాళ్ళకు కనబడకుండా ఇంటికొచ్చి, ఆ రోజు అన్నం దగ్గర ఉప్పు ఎక్కువైందని గొడవ పెట్టుకున్నాను. ఉప్పు సరిపోయే ఉంది.

తొట్టెల ఫంక్షను రానే వచ్చింది. బడిలో పని ఉండి మా అమ్మాయి రాలేకపోయింది. మా ఆవిడకు లర్నింగ్ లైసెన్సు మాత్రమే వచ్చింది, కాబట్టి పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. "బాపు, నువ్వు పక్కకు కూసుంటే చాలు" అంది అమ్మాయి. నా ముప్పై ఏళ్ళ లైసెన్సు చివరికి పక్క సీట్లో కూర్చోవడానికి పనికొచ్చింది. రానని మొండికేద్దామనుకున్నాను. కానీ వెనక సీట్లో సంచితో పోయే బస్సు గుర్తొచ్చి ఎక్కి కూర్చున్నాను. వెనక అద్దానికి ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకుని బయల్దేరాం.

ముందురోజు సాయంత్రం కరెంటు పోయి, బ్యాటరీ సగం కూడా నిండలేదు. ఏసీ వద్దన్నాను, కిటికీలు దించాం. తాడ్వాయి దాటాక రోడ్డు సగం మేర యాసంగి వడ్లు ఆరబోశారు, అంచున రాళ్ళు పేర్చారు. ఒక ముసలమ్మ కాలితో వడ్లు కలియదిప్పుతూ మాకు అడ్డంగా ఉంది. చప్పుడు లేదు కదా, వెనక్కి చూడదు. నేనైతే హారను మీద చెయ్యి పెట్టి తీసేవాణ్ణే కాదు. మా ఆవిడ మెల్లగా ఆపి, తల బయటికి పెట్టి, "అవ్వా, జర జరుగవా" అంది. ఆ అవ్వ జరిగి, బండిలోకి తొంగి చూసి, "ఆడపిల్ల నడుపుతున్నదా, మంచిగ పోండ్రి" అంది. అరవై దగ్గరపడ్డ ఆడపిల్ల నవ్వుకుంది.

దిగుడు వచ్చినప్పుడు "న్యూట్రల్ చెయ్, చార్జింగు మిగులుతది" అన్నాను.

"న్యూట్రల్ అక్కర లేదు. కాలు తీస్తే దానంతట అదే చార్జింగ్ ఎక్కుతది. చూడు."

చూశాను. అంకె ఒకటి పెరిగింది. మలుపొచ్చింది, నా ఎడమ కాలు పక్క సీట్లోంచే నేలను తొక్కింది. ఆమె అది చూసింది, నవ్వలేదు. రోడ్డు మీది నుంచి కళ్ళు తీయకుండా అంది.

"తొమ్మిదిసార్లు కాదు."

"ఏంది?"

"యార్డుల బండి బంద్ పడింది నాలుగుసార్లే. మిగిలిన అయిదు నువ్వు కలిపినవ్. పెండ్లికొకటి కలిపినవ్."

డీజిల్ బండైతే వినబడనట్టు ఊరుకునేవాణ్ణి. మా పెళ్ళయినప్పటి నుంచి ఏ బండిలోనూ ఇంజను మోత దాటి ఆమె మాట నా చెవిన పడింది లేదు. ఈ బండిలో గాజుల చప్పుడు కూడా వినబడుతోంది.

"అయిదోసారి బండి కదిలింది" అంది. "మంచిగ కదిలింది. హ్యాండ్ బ్రేక్ గుంజింది నువ్వు."

నాకు గుర్తొచ్చింది. నిజమే. బండి కదిలింది, ఎదురుగా మూటల కుప్ప ఎక్కడో దూరంగా ఉంది, అయినా నా చెయ్యే ఆగలేదు. తర్వాత ఆ ముక్క కథలో పెడితే నవ్వు రాదని తీసేశాను. తీసేసి తీసేసి చివరికి నేనే మరిచిపోయాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆ వేడి దిగలేదు.

వాకిట్లో బండి ఆగింది. అందరూ చూస్తుండగా స్టీరింగు దగ్గర్నుంచి మా ఆవిడ దిగింది. నేను ఇటువైపు నుంచి దిగాను, సంచితో. వాళ్ళక్క గడప మీద నోరు తెరుచుకుని నిలబడింది, తర్వాత చెల్లెల్ని పట్టుకుని ఏడ్చేసింది. ఆ వెంటనే గొడవ కూడా మొదలైంది, ఎందుకంటే తిరిగి వెళ్ళాలంటే బండికి చార్జింగు పెట్టాలి, ఆ ఇంట్లో పెద్ద ప్లగ్గు ఒక్కటే, అది గ్రైండరుది. "కారుకు పెడితే నేను గారెలకు రుబ్బుడెట్లనే?" అని అక్క. చివరికి ముందు గారెలు, తర్వాత కారు అని ఒప్పందమైంది.

భోజనాలయ్యాక మా తోడల్లుడు నా పక్కన చేరాడు. "డ్రైవర్ సాబ్, గా తొమ్మిదిసార్ల కత చెప్పు, పిల్లలు వినలేదు" అన్నాడు. పదిమంది కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. నేను గొంతు సవరించుకుని చెప్పాను. నాలుగుసార్లు బంద్ పడిందని, అయిదోసారి కదిలిందని, బ్రేకు నేనే లాగానని. ఎగిరి చూపించలేదు. ఎవరూ నవ్వలేదు. "గంతేనా?" అన్నాడు తోడల్లుడు.

వంటింటి కిటికీలోంచి చార్జింగు వైరు సర్దుతున్న మా ఆవిడ తల ఇటు తిప్పింది. "తొక్కు కత చెప్పు" అంది.

చెప్పాను. జాడీ, కారం, నెత్తిన నీళ్ళు, ఆటో, అన్నీ చెప్పాను. తొట్టెలలో పిల్లవాడు లేచేంతగా నవ్వారు. ఆ నవ్వు చూసేసరికి నా పాత రోగం తిరగబెట్టింది. లేచి నిలబడి, ఎడమ కాలు ఎత్తి చూపిస్తూ, "గట్ల ఒక్కసారి కాదు, ఎనిమిదిసార్లు తొక్కిన" అన్నాను.

"మూడుసార్లే" అంది మా ఆవిడ కిటికీలోంచి. "లేనివి కలపకు."