తాతగారి ఎంట్రీకి తెల్లకాగితాలు

బతికున్న మనిషికి శవయాత్ర జరిపించిన ఘనుడిని నేను. అదీ ఆయన మంచం మీద పడుకుని కళ్ళారా చూస్తుండగా. దేశం కాని దేశం జర్మనీలో, ఎన్నడూ కలవని ఒక చైనా ముసలాయనకి, ఈలలు వేసి మరీ. నా జీవితంలో వెధవపనులకి కొదవ లేదు గానీ, వాటన్నిటినీ ఒకచోట చేరిస్తే ఇది ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఎప్పుడూ చివరిదాకా రాదు. మీరు మాత్రం నవ్వండి, ఫర్వాలేదు. ఆయనేమీ అనుకోడు.

అప్పుడు నేను ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మూడు గదులు, ఒకే వంటిల్లు ఉన్న ఫ్లాట్. ఒక గదిలో నేను, ఒక గదిలో నల్గొండ నరేష్, మూడోదాంట్లో మెయ్. దక్షిణ చైనాలో ఏదో నది పక్క ఊరు ఆమెది. మా పోపుకి ఆమె తుమ్మేది, ఆమె మిరపనూనెకి మేం తుమ్మేవాళ్ళం. అలా తుమ్ముకుంటూనే స్నేహం కుదిరింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులో, కోపం వస్తే జర్మన్‌లో. ఇక్కడ మీకోసం అంతా తెలుగులోకి దించుతున్నాను.

ఏటా క్యాంపస్‌లో చైనా విద్యార్థులు ఒక శనివారం సినిమాలు వేసేవాళ్ళు. ఆ ఏడు మెయ్ కూడా ఒకటి తీసింది. ఫోనుతో తీసిన చిన్న సినిమా. వాళ్ళ ఊళ్ళో ఒక పాత సందుని కూల్చేసి టవర్లు కట్టారు. ఆ సందులో వాళ్ళ తాత మంగలి. కూల్చివేతకి ముందూ తర్వాతా తాతనీ సందునీ తీసిందన్నమాట. నాకు వంటింట్లో లాప్‌టాప్‌లో కొంచెం చూపించింది. ప్రతి ఇంటి గోడ మీదా పెద్ద అక్షరం, దాని చుట్టూ సున్నా.

"ఇదేంటి, సినిమా పేరా?" అన్నాను.

"కాదు రవీ. ఈ ఇల్లు కూల్చేస్తాం అని గుర్తు."

సినిమాల గురించి నా పరిజ్ఞానం అదీ. అయినా సలహాలివ్వడం మానలేదు.

సినిమాలో ఇంకో సంగతి ఉంది. మెయ్ బడిలో నేర్చిన చైనీస్‌లో అడుగుతుంది, తాత ఆ సందు భాషలో జవాబిస్తాడు. "ఆ భాష నాకు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. చిన్నప్పుడు అలా మాట్లాడితే బడిలో నవ్వేవాళ్ళు, మానేశాను" అంది. హైదరాబాద్ కాలేజీలో చేరిన మొదటి నెల నేను కూడా నోరెత్తకుండా తిరిగాను. మా ఊరి యాసకి జనం నవ్వుతారని. ఆ మాట చెప్తే మెయ్ నాకొక కోడిగుడ్డు అట్టు వేసిపెట్టింది.

అసలు సంగతి తర్వాత చెప్పింది. తాతకి ఒంట్లో బాగాలేదు. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. సందులో జనమంతా తలా ఒక టవర్లోకి చెదిరిపోయారు, పలకరించే మనిషి లేడు. "నేను పోతే ఎవరికి తెలుస్తుంది?" అని రోజూ అంటున్నాడట.

"అందుకే శనివారం వీడియో కాల్ పెడతాను. ఆయన సినిమా చూడక్కర్లేదు. ఆయన్ని చూడటానికి ఇంతమంది వచ్చారని చూస్తే చాలు. కానీ ఎవరొస్తారు? పోయినేడు సగం కుర్చీలు ఖాళీ" అంది. ఆ మాట అని టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఏడుస్తోందని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

ఒక ఆడపిల్ల ఏడుస్తుంటే బుద్ధున్నవాడు మంచినీళ్ళిస్తాడు. నేను మాటిచ్చాను. "హౌస్‌ఫుల్ చేస్తాను. మా తెలుగువాళ్ళు తాతని ఎలా చూస్తారో నువ్వే చూద్దువు."

పక్క గదిలోకి వెళ్ళి నరేష్‌కి చెప్పాను.

"ఊకె పొయ్యి కూసుంటే ఏముంటది రా?" అన్నాడు వాడు. "తాత ఫోన్‌ల సూస్తుండు గద. హీరోకి చేసినట్టు చెయ్యాలె. ఈలలు, పేపర్లు, అన్నీ."

ఈ ఐడియా నాకెందుకు రాలేదా అని సిగ్గుపడ్డాను. మన సంగతి మీకు తెలుసు కదా. నచ్చిన హీరో తెరమీదికి రాగానే కాగితాలు చింపి గాల్లోకి ఎగరెయ్యకపోతే మనకి టికెట్ కొన్నట్టే ఉండదు. అంతకుముందు ఏడాది న్యూరెంబర్గ్‌లో తెలుగు సినిమాకి వెళ్ళి అదే పని చేసి, హాలువాళ్ళు తిడుతుంటే అదేదో సన్మానం అన్నట్టు తిరిగొచ్చినవాళ్ళం మేం.

శుక్రవారమంతా కూర్చుని చింపాం. కాగితాలు ఎక్కడివంటారా? నేను తప్పిన మెషీన్ డిజైన్ పరీక్ష నోట్సు. ఒకవైపు ప్రింటు, ఒకవైపు తెలుపు. చింపుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"రంగు కాగితాలైతే బాగుంటుందేమో రా" అన్నాను ఒకసారి.

"తెల్లగుంటెనే చీకట్ల మెరుస్తయ్" అన్నాడు నరేష్. వాడి నోట్లో ఆ మాట పుట్టిన ముహూర్తం ఎలాంటిదో గానీ, మా కొంప ముంచింది అదే.

శనివారం మధ్యాహ్నం మన బలగం దిగింది. కరీంనగర్, గుంటూరు, వైజాగ్, ఎవరు దొరికితే వాళ్ళు. బిర్యానీ పెడతామని చెప్పి పట్టుకొచ్చాం. నిజంగానే హాలు నిండింది. ముందు వరస దగ్గర స్టాండు మీద ఫోన్, అందులో మంచం, మంచం మీద దిండుకి ఆనుకుని తాత. పక్కన మెయ్ వాళ్ళమ్మ. మెయ్ ఫోన్‌ని హాలంతా తిప్పి చూపించింది. మేమంతా చేతులూపాం. తాత కూడా వేళ్ళు కదిపాడు. మెయ్ నావైపు చూసిన చూపులో ఎంత కృతజ్ఞత ఉందంటే, అక్కడితో సినిమా ఆపేసి ఇంటికెళ్ళిపోయినా నేను మంచివాడిగా మిగిలిపోయేవాడిని.

మొదట వేరేవాళ్ళ సినిమాలు రెండు వేశారు. ఒకదాంట్లో మలేషియాలో ఉన్న చైనా కుటుంబం అన్నం ముందు కూర్చుని మూడు భాషల్లో పోట్లాడుకుంది. ఇంకోదాంట్లో ఫ్యాక్టరీ హాస్టల్లో అమ్మాయిలు ఊరినుంచి తెచ్చుకున్న పేర్లు మార్చుకుని కొత్త పేర్లు పెట్టుకున్నారు.

"ఫైట్లు లేవా రా?" అని నరేష్ గుసగుసలాడాడు.

"ఊరుకో, మనది తర్వాత" అన్నాను. నిర్మాత నేనే అయినట్టు.

మెయ్ సినిమా మొదలైంది. సందు, గోడలు, ఆ అక్షరాలు. తర్వాత బుల్డోజర్. తెరంతా దుమ్ము. ఆ దుమ్ములోంచి మెల్లగా ఒక ఆకారం. భుజం మీద కటింగ్‌కి కప్పే తెల్లగుడ్డ, చేతిలో కత్తెర, వెనకాల కూలిన గోడలు. ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తున్నాడు తాత. మీరే చెప్పండి, దీన్ని హీరో ఎంట్రీ అనకపోతే ఇంకేమంటారు?

నరేష్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఈలకి కిటికీలు అదిరాయి. నేను కుర్చీ ఎక్కి "జై తాతా!" అని అరిచి రెండు గుప్పిళ్ళూ ఎగరేశాను. వెనక వరసల్లోంచి బలగమంతా ఎగరేసింది. తెరమీద తాత మొహం ముందు తెల్లకాగితాలు మంచులా రాలుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

మా ఈలలు తప్ప ఇంకో చప్పుడు లేదని తెలియడానికి కాస్త టైము పట్టింది. చైనా పిల్లలంతా బిగుసుకుపోయి ఉన్నారు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. ఫోన్లోంచి ఒక కేక. మెయ్ వాళ్ళమ్మది. ఎవరో లైట్లు వేశారు.

నేనింకా కుర్చీ మీదే ఉన్నాను.

"రవీ, దిగు" అంది మెయ్. ఆమె మొహంలో రక్తం లేదు.

"ఏమైంది? బాగాలేదా?"

"మా దగ్గర తెల్లకాగితాలు ఎప్పుడు చల్లుతారో తెలుసా? శవపేటిక ముందు. పోయేవాళ్ళ దారికి ఏదీ అడ్డం రాకూడదని."

"అంటే..."

"అంటే, మా తాత ఇంకా బతికే ఉన్నాడు. చూస్తున్నాడు."

నరేష్ నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. "రేయ్, మన దగ్గర పాడె ముందట పేలాలు జల్లుతరు సూడు, గట్లన్నట్టు. బతికున్నోని మీద పేలాలు జల్లినం రా మనం."

మా ఊళ్ళో మంచం పట్టిన మా తాత ఇంటిముందుకొచ్చి ఎవడైనా పేలాలు చల్లి, ఈల కూడా వేసి ఉంటే? మా బాబాయిలు వాణ్ణి ఊరు దాటనిచ్చేవాళ్ళా? ఆ క్షణంలో ఎవరైనా వచ్చి నన్ను కొడితే బాగుండుననిపించింది. ఒక్కరూ కొట్టలేదు. అంతా తలలు దించుకున్నారు. అది ఇంకా కష్టం.

ఇంతలో చీపురుతో హౌస్‌మైస్టర్ వచ్చాడు. ఆ హాలు బాగోగులు చూసే పెద్దాయన. ఒక్కొక్కరి మొహమూ చూశాడు, నేల చూశాడు. "ఇది మామూలు చెత్తలో వెయ్యకూడదు. పేపర్ నీలం డబ్బాలో వెయ్యాలి" అన్నాడు. ప్రళయం వచ్చినా జర్మన్లు దాన్ని ఏ డబ్బాలో వెయ్యాలో ముందు చూస్తారు.

"మేమే ఏరతాం" అని నేలమీద పడ్డాను. బలగమంతా పడింది. కుర్చీల కింద దూరి, మోకాళ్ళ మీద పాకుతూ, నా మెషీన్ డిజైన్‌ని ముక్కముక్కగా ఏరుతున్నాం. ఫోన్లో మెయ్ వాళ్ళమ్మ ఏడుస్తూ తిడుతోంది. భాష రాకపోయినా ఆ తిట్లు నాకు పూర్తిగా అర్థమయ్యాయి.

అంతలో తిట్లు ఆగాయి. ఒక సన్నటి ముసలిగొంతు వినిపించింది. మెయ్ ఫోన్ దగ్గర వంగింది. చాలాసేపు విన్నది. ఏదో అడిగింది, మళ్ళీ విన్నది. నేను కుర్చీ కిందినుంచి తల బయటపెట్టి చూస్తున్నాను.

"తాత అడుగుతున్నాడు" అంది మెయ్, "ఎందుకు ఏరేస్తున్నారు అని."

మా చేతులు కాగితాల మీదే ఆగిపోయాయి.

"ఆ సందంతా చెదిరిపోయింది కదా, నేను పోయిన రోజు కాగితం చల్లడానికి ఎవరూ ఉండరనుకున్నాను అంటున్నాడు. ఇంతమంది వచ్చారుగా అంటున్నాడు. తన ఊరేగింపు తనే చూసుకున్నవాడు ఆ ఊళ్ళో ఇంకెవడూ లేడట."

మెయ్ ఫోన్ దగ్గర వంగి ఇంకొంచెం విన్నది. మళ్ళీ మావైపు తిరిగింది.

"ఆ కుర్చీ ఎక్కిన కుర్రాడెవరు అని అడుగుతున్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు గానీ ఆ జుట్టేంటి, చావు ఇంటికి అలాగేనా వచ్చేది అంటున్నాడు. ముందు వెళ్ళి కటింగ్ చేయించుకోమంటున్నాడు."

హాలంతా నవ్వింది. మెయ్ నవ్వింది. ఫోన్లో వాళ్ళమ్మ కూడా ముక్కు చీదుకుంటూ నవ్వింది. నేను కుర్చీ కింద కూర్చుని, చేతినిండా కాగితం ముక్కలతో, వెక్కివెక్కి ఏడ్చాను. మెయ్ సినిమా మళ్ళీ మొదటినుంచి వేసింది. ఈసారి తాత దుమ్ములోంచి నడిచి వస్తుంటే ఊపిరి తీసిన చప్పుడు కూడా లేదు.

కొన్ని వారాలకే ఆయన పోయాడు. కబురు వచ్చిన పొద్దున మెయ్ వంటింట్లో నిలబడి ఉంది, పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోతున్నాయి. చైనా వెళ్ళడానికి లేదు. వీసా గడువు అయిపోయింది, కొత్త కార్డుకి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో, ఇంకా థీసిస్ మిగిలే ఉంది. పరాయి దేశంలో చదువుకునే మాలాంటివాళ్ళందరం లోపల్లోపల భయపడే రోజు అదే. అది ఆమెకి వచ్చింది.

"రవీ, మీవాళ్ళని పిలుస్తావా? కాగితాలు..." అంది.

నరేష్ ట్రిమ్మర్ తెచ్చాడు. "తాత చెప్పిండు గద. గట్లనే పోతమా?" అన్నాడు. వంటింట్లో స్టూలు వేసి, పిలవగానే వచ్చిన బలగానికి వరసగా గీశాడు. చేతకానివాడి చేతిలో ట్రిమ్మర్ ఎలా ఉంటుందో మా తలలు చూస్తే తెలిసేది. మెయ్ నా తలని అటూ ఇటూ తిప్పి చూసి, "తాత ఇది చూసుంటే మళ్ళీ చచ్చిపోయేవాడు" అంది. అంటూనే నా భుజం మీద తల పెట్టుకుని బావురుమంది.

ఆదివారం మధ్యాహ్నం మైన్ నది ఒడ్డుకి వెళ్ళాం. ఈసారి కాగితాలు మెయ్ చింపింది, రెండువైపులా తెల్లగా ఉన్నవి. నది వెంట కాలిబాట మీద ఆమె ముందు నడిచింది, గుండు గీసిన తెలుగు బలగం వెనక. గడ్డి మీద కాగితం చల్లుకుంటూ వెళ్ళాం. ఒకచోట ఆగి ఆమె నదివైపు తిరిగి గట్టిగా ఏదో అంది. ఆ మాటల తీరు సినిమాలో విన్నట్టే ఉంది.

"ఇది తాత భాషనే గద?" అన్నాడు నరేష్ మెల్లగా.

అవును, అదే. అన్నాళ్ళు తిరగని నోరు ఆ రోజు తిరిగింది. వినాల్సినవాడే లేడు.

"ఈల" అంది మెయ్, కళ్ళు తుడుచుకుంటూ. "ఈల కూడా వెయ్యండి. ఆయనకి నచ్చింది."

నరేష్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గాలే. ఈలతో కిటికీలు అదరగొట్టే నల్గొండ నరేష్ ఒడ్డుమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు ఎవరమూ ఈల వెయ్యలేకపోయాం. తిరిగొచ్చేటప్పుడు కాగితాలన్నీ ఏరుకొచ్చి నీలం డబ్బాలో వేశాం.

ఇప్పుడు నేను బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మెయ్ మ్యూనిక్‌లో. మొన్న ఒక తెలుగు సినిమాకి వెళ్తే, హీరో వచ్చేముందు పక్క సీటాయన నా చేతిలో గుప్పెడు కాగితం ముక్కలు పెట్టి "కొట్టండి బాస్!" అన్నాడు. హాలంతా తెల్లగా రాలుతుంటే నేను మాత్రం గుప్పిలి మూసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక చూస్తే జేబులో ఉన్నాయి.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా: ఇకమీదట ఏ హీరో ఎంట్రీకీ నేను కాగితాలు చల్లను, కుర్చీ ఎక్కను, జై కొట్టను. కత్తెర పట్టుకుని దుమ్ములోంచి ఆయనలా నడిచి రాగలిగినవాడు ఎవడైనా వస్తే అప్పుడు చూద్దాం. అప్పటిదాకా నెలకోసారి మ్యూనిక్ నుంచి ఒక మెసేజ్ వస్తుంది, "కటింగ్ అయిందా?" అని. అది రాకముందే చేయించుకుని ఉంటాను.