వేలు పెడితే పారిపోయే పేజీ

నేను ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం అందరూ అనుకునేట్టు చదువు రాకపోవడం కాదు. చిన్నప్పుడు చదువు రాకపోవడానికి కారణం వేరే ఉంది. కొండకర్ల పక్క ఊళ్లో మా నాన్నకు చెరకు తోట ఉండేది. బెల్లం వండే రోజుల్లో పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే పని నాది. ఆ పొయ్యి ముందు నుంచి లేచి బడికి వెళ్లమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. యాభై ఆరో ఏట అనకాపల్లిలో మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర మధ్యాహ్నాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. రెండేళ్లకు చదవడం వచ్చింది, మూడో ఏటికి రాయడం వచ్చింది. ఆ తర్వాత కూడా ఐదేళ్లు ఏమీ రాయలేదు. టీచరమ్మ అప్పటికి బదిలీ మీద వెళ్లిపోయింది, రాస్తే తప్పులు దిద్దడానికి దగ్గరలో ఉన్నది మా మరిది భార్య ఒక్కతే. ఆమె చేత దిద్దించుకోవడం కంటే రాయకుండా ఉండడమే నయమనిపించింది.

నా తోటికోడలు నా తర్వాత రెండేళ్లకు మా అత్తవారింటికి వచ్చింది. టౌన్‌లో పుట్టిన పిల్ల, పదో తరగతి పాసైంది. మా ఆయన బెల్లం లారీ నడిపేవాడు. ఒరిస్సా వైపు వెళ్తే పదిహేను రోజులు వచ్చేవాడు కాదు, ఉత్తరం రాసేవాడు. ఆ ఉత్తరం చదివి పెట్టేది ఆమే. గుమ్మంలో కూర్చుని, ముందు తను మనసులో చదువుకునేది. ఒకచోట చిన్నగా నవ్వుకునేది. అప్పుడు మొదలుపెట్టి నాకు పైకి చదివేది. ఆమె నవ్విన మాట ఏదా అని నేను వింటూ వెతుక్కునేదాన్ని. ఒక్కోసారి దొరికేది కాదు. నేను చదవడం నేర్చుకునేసరికి మా ఆయన లేడు, ఉత్తరాలు చెదలు తినేశాయి.

ఆమె నాకు ఏ కీడూ చెయ్యలేదు. రేషన్ కాగితాలు, పొలం పాసుపుస్తకం, డాక్టరు రాసిన చీటీలు, ఏది పట్టుకెళ్లినా విసుక్కోకుండా చదివి చెప్పేది. ఆమె మీద చెప్పడానికి ఒక్క తప్పయినా దొరికితే నాకు ప్రాణం తేలికపడేది.

ప్రతి కార్తీకమాసం మా వీధి ఆడవాళ్లు భోజనాలయ్యాక ఆమె ముందుగదిలో చేరతారు. కార్తీక పురాణంలో రోజుకో అధ్యాయం చదవాలి. వినేవాళ్లు గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చోవాలి, అధ్యాయం పూర్తయ్యాకే తల మీద వేసుకోవాలి, మధ్యలో గుప్పిట తెరవకూడదు. ముప్పై ఏళ్లకు పైగా చదివేది ఆమే, గుప్పిట మూసుకుని వినేది నేను. అక్షరాలు వచ్చాక నాకు ఒకటే కోరిక పుట్టింది. ఒక్క అధ్యాయం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేను చదవాలి, ఆమె అక్షింతలు పట్టుకుని వినాలి. కానీ ఆమె చదివే ఆ పాత పురాణం పుస్తకంలో అక్షరాలు ఆవగింజలంత. నా కంటికి ఆనవు.

పోయిన ఏడాది ఆమె అల్లుడు ఆమెకు పుస్తకాలు చదువుకునే మెషిన్ ఒకటి కొనిచ్చాడు. అరచెయ్యంత పలక. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి. కార్తీకంలో ఒకరోజు అందరి ముందూ ఆమె దాన్ని నా చేతికిచ్చింది.

"ఈవేళ నువ్వు చదువక్కా. అక్షరాలు పెద్దవి చేసి పెట్టేను" అంది.

నేను వరుస కింద వేలు పెట్టుకుని చదువుతాను. టీచరమ్మ అలాగే నేర్పింది. వేలు తీస్తే కింది వరుస పై వరుసలో కలిసిపోతుంది. మొదటి నాలుగు ముక్కలు బాగానే సాగాయి. ఐదో ముక్క దగ్గర మూల ఇంటి ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఆగవే, ఆగు. ఆడికింకా పెళ్లే అవ్వనేదు. కొడుకెలా పుట్టేసేడు?"

"కలికాలం అప్పుడే వచ్చేసినట్టుంది" అంది పక్కావిడ.

గుప్పిళ్లు మూసుకునే అందరూ నవ్వారు. నేను వెనక్కి వెళ్దామని మళ్లీ వేలు ఆనించాను. ఈసారి ఇంకో పేజీ వచ్చింది.

"ఇప్పుడు ముసిలోడైపోయేడు!" అంది ముసలమ్మ.

"వేలు తియ్యక్కా. ముట్టుకుంటే పేజీ తిరిగిపోద్ది" అంది నా తోటికోడలు, మెల్లగానే. వేలు తీశాను. ఒకే వరుస రెండుసార్లు చదివాను. ఆమె నా చేతిలోంచి దాన్ని నెమ్మదిగా తీసుకుని గుక్క తిప్పుకోకుండా చివరిదాకా చదివేసింది. నా గుప్పిట్లోకి ఎవరో అక్షింతలు పెట్టారు.

ఈ ఏడాది కార్తీకానికి నెల ముందు మా అమ్మాయికి ఫోన్ చేశాను. తను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుంది.

"పిన్ని దగ్గరున్నలాటిదే కొంటానమ్మా" అంది.

"అలాటిదొద్దు."

"మరెలాటిది?"

"ఏలు పెడితే పారిపోనిది."

ఆ ఆదివారం విశాఖపట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్లింది. ఆ పాత పురాణం పుస్తకంలో పేజీలన్నీ ముందే ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి పెట్టుకుంది. నా పొలం కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు కూడా వాటితోపాటు పెట్టింది. కొనే ముందు అవన్నీ అందులో తెరిచి చూపించాలని దుకాణం అబ్బాయికి గట్టిగా చెప్పింది.

అతను మొదట రంగులతో మెరిసేది తెచ్చాడు. "దీన్లో సినిమాలు కూడా చూసుకోవచ్చు మామ్మగారూ."

"సినిమా సూడ్డం నాకు సిన్నప్పటినించీ వచ్చు బాబూ. సదవడమే ఇప్పుడొచ్చింది" అన్నాను.

తర్వాత తెచ్చినది కాగితంలా బూడిదరంగులో ఉంది, కంట్లోకి వెలుగు కొట్టలేదు. వేలు పెట్టాను. పారిపోయింది. ఇంకొకదానిలో తెలుగు ఒత్తులు అక్షరం కింద ఉండకుండా పక్కకు జారిపోయాయి. ఆ ఒత్తులు నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. దాన్ని చూస్తే కోపమొచ్చింది. నాలుగోదానికి పక్కన మీటలున్నాయి గాని అద్దం చిన్నది. పుస్తకం పేజీ ఫొటో దాన్లో పెడితే అక్షరాలు మళ్లీ ఆవగింజలే. పెద్దవి చేస్తే సగం వరుస అద్దం బయటికి పోయింది.

"మామూలు పుస్తకమైతే అక్షరాలు పెరిగినప్పుడు వరుసలు సర్దుకుంటాయండి. ఫొటో తీసిన పేజీ సర్దుకోదు. దానికి పెద్ద సైజే కావాలి" అన్నాడు అతను.

చివరికి బడిపిల్లల పలకంత పెద్దది ఒకటి తెచ్చాడు. పేజీ మొత్తం కనబడింది. పక్కన రెండు మీటలు, ముందుకొకటి, వెనక్కొకటి. అద్దాన్ని ముట్టుకున్నా కదలకుండా ఆపేసే ఏర్పాటు కూడా ఉందని చూపించాడు. ఒక వరుస కింద వేలు పెట్టి అలాగే ఉంచాను.

"ఎంతసేపు పెడతారండీ?" అన్నాడు.

"పారిపోద్దేమోనని సూత్తన్నాను."

పారిపోలేదు. అమ్మాయి వైపు తిరిగి, మీ పిన్నిదానికంటే ఇది పెద్దదేనా అని అడిగాను.

"అమ్మా, నువ్వు చదవడానికి కొంటన్నావా, పిన్నికి చూపించడానికా?"

"రెండుకీని."

ఇరవై రోజులు ఒకే అధ్యాయం చదివాను. కార్తీకంలో నాలుగో రోజు అదే అధ్యాయం వచ్చింది, నేను చదువుతానని చెప్పి ముందు కూర్చున్నాను. నా తోటికోడలు ఎదురుగా చాప మీద కూర్చుని అక్షింతలు తీసుకుంది. వేలు వరుస కింద నిలిచింది. కథ ఎక్కడా దూకలేదు. కానీ కష్టమైన మాట వచ్చి నేను దాన్ని కూడబలుక్కునేలోగా ఆమె నోటినుంచి అది వచ్చేసేది. ముప్పై ఏళ్లు చదివిన కథ, పుస్తకం లేకుండానే వచ్చు. నేను ఆగిన ప్రతిచోటా ఆమె గొంతు ఉంది. ఆమె అందించిన మాటను మళ్లీ చదవాలో, దాటి వెళ్లాలో తెలియక తడబడ్డాను. చివరికి ఆగని చోట కూడా అందించడం మొదలుపెట్టింది.

అక్షింతలు వేసుకుని లేస్తూ మూల ఇంటి ముసలమ్మ అంది: "ఇద్దరూ బాగా సదివేరే."

ఎవరో అటుకులు, బెల్లం ముక్క ఇస్తుంటే అందుకోకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న కొంగు చివర నాలుగు అక్షింతలు ముడేసుకుని, ఆ పలక పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. పెరట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నిన్నటిది మళ్లీ సదువుతాను, ఇను" అన్నాను.

"నిన్న బానే చదివేవు కదక్కా?"

"నాను సదవనేదు. సగం నువ్వు సదివేవు."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఆగిపోతన్నావు కదా, సాయం చేద్దామని…"

"సాయమొద్దు. నోరు మూసుకుని కూకో."

నలభై ఏళ్లలో ఆమెతో నేను అలా మాట్లాడలేదు. ముడి విప్పి అక్షింతలు ఆమె చేతిలో పోసి, వేళ్లు నేనే మూశాను. ఎదురుగా గట్టు మీద కూర్చుని మొదలుపెట్టాను.

రెండో పేజీలో పెద్ద మాట వచ్చింది. ఆగాను. ఆమె పెదవులు కదిలాయి, గొంతు బయటికి రాలేదు. వీధిలో పాలవాడు రెండుసార్లు పిలిచాడు, ఆమె పలకలేదు. నేను వేలు తియ్యకుండా ఆ మాట మొదటి అక్షరం దగ్గరకు మళ్లీ వెళ్లి, ఒత్తు ఒత్తూ చూసుకుంటూ పలికాను. మీట నొక్కి తర్వాతి పేజీకి వెళ్లాను. ఆమె పది నిమిషాల్లో ముగించే అధ్యాయం పూర్తయ్యేసరికి ఎండ గట్టు మీదకు వచ్చేసింది.

చివరి మాట అయ్యాక ఆమె నావైపు చూసి ఏదో చెప్పబోయింది.

"ముందు అచ్చింతలు నెత్తినేసుకో" అన్నాను.

వేసుకుంది.