పదో రోజు శనివారం

రెమెదియోస్ లెక్క తప్పిందని ఇలోయిలో పట్నం రేవులో ఎవరైనా అంటే, అన్నవాడికే మతి చెడిందనుకునేవారు. వలలు, తాళ్ళు టోకున అమ్మే ఆ కొట్లో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడే గుమాస్తా. యజమాని సంతకం కన్నా ఆవిడ వేసిన అంకెకే విలువెక్కువ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

బిల్లు రాసిన పది రోజుల్లోగా డబ్బు కడితే నూటికి రెండు తగ్గింపు అన్నది ఆ కొట్టు ఆనవాయితీ. ఎదురుగా గిమరాస్ దీవిలో వలలమ్మే మనాంగ్ తార్సిలా, అంటే తార్సిలక్క, ఆ రెండూ ఎన్నడూ వదులుకునేది కాదు. సరుకు పడవా బిల్లూ బుధవారం, ఆవిడకి తీరిక శనివారం. పై వారం శనివారం, సరిగ్గా పదో రోజున, రేవు దిగి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేది. సంచిలో రెమెదియోస్ కోసం ఎండు మామిడి ముక్కలు కూడా తెచ్చేది.

మూడేళ్ళ కిందట కొట్లోకి కంప్యూటరు వచ్చింది. శనివారం చేతికొచ్చిన డబ్బుకి రెమెదియోస్ రసీదు రాసిచ్చి, కంప్యూటరులోకి మాత్రం సోమవారం ఎక్కించేది. మొదటి నెలలోనే తార్సిలా పేరు కింద ఆరువందల పెసోలు బాకీ తేలింది. కిందటి బిల్లు పన్నెండో రోజున కట్టారట, తగ్గింపు పోయిందని రెమెదియోస్ చెప్పింది. తార్సిలా వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని, మారు మాట్లాడకుండా కట్టేసింది. ఆ తరవాతా అదే తంతు. పాపం ముసలావిడకి మతిమరుపు ముదురుతోందని రెమెదియోస్ జాలిపడింది కూడా.

పోయిన సోమవారం కంప్యూటరులో ఏదో మార్చారు. డబ్బు ఏ రోజు అందిందో రాస్తేగాని ముందుకి కదలనంది. ఎవరో శనివారం ఇచ్చిన డబ్బుకి ఆవిడ శనివారం తేదీ వేసింది. తగ్గింపు దానంతటదే పడింది. రెమెదియోస్ తెరవంక గుడ్లప్పగించి చూసింది. ఇన్నాళ్ళూ డబ్బు అందిన తేదీ గడిలో ఏ రోజు ఎక్కిస్తే ఆ రోజు తేదీ దానంతటదే కూర్చునేది. ఆవిడ ఒక్కసారీ అటు చూసిన పాపాన పోలేదు.

తార్సిలా పేరున్న కాగితాలు తీసింది. ముప్ఫై ఒక్కసార్లు అదే తప్పు. కంచే చేను మేసింది, అదీ మూడేళ్ళు. యజమానికి చెప్పింది. ఆయన గల్లాపెట్టె తీసి ఆ డబ్బంతా కవరులో పెట్టి ఇచ్చాడు.

శనివారం రెమెదియోస్ పడవెక్కి దీవికెళ్ళింది. దుకాణంలో గల్లా దగ్గర తార్సిలా కోడలు జోవెలిన్ కూర్చునుంది, నడుముకి తాళాల గుత్తి. తార్సిలా మాత్రం వెనక మూల వలలకి బెండ్లు కడుతోంది. రెమెదియోస్ ఎక్కడా దాచకుండా అంతా చెప్పి కవరు చాపింది. తార్సిలా దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు రాసింది తప్పవుతుందని నాకు కలలో కూడా తోచలేదు, ఇందాయ్, నా తల్లీ. నా బుర్రే పాడైందనుకున్నా. మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

గోడకున్న మేకు చూపించింది. దానికో నైలాను తాడు. బిల్లు అందగానే పది ముళ్ళు వేసుకునేదట, రోజుకొకటి విప్పేదట. ఆఖరి ముడి విప్పాకే పడవెక్కేదట. అయినా కాగితం పన్నెండే అనేది.

"అందుకే క్రిస్మస్ కాగానే కొట్టు కోడలికి అప్పజెప్పేశా. నా చేతుల్లో మునిగిపోతుందని భయమేసింది."

రెమెదియోస్ కవరు ఆవిడ చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

తార్సిలా మెల్లగా లేచింది. కొట్టు వదిలిన మూడు నెలల తరవాత మొదటిసారి ఆవిడ నడుము నిటారుగా నిలబడింది. కోడలి దగ్గరికెళ్ళి చెయ్యి చాపింది.

"తాళాలు ఇలా ఇవ్వమ్మా."

జోవెలిన్ గుత్తిమీద చెయ్యి వేసుకుంది. అత్తగారివంక జాలిగా చూసి నవ్వింది.

"ముందా కవరు నాకివ్వండి, అత్తయ్యా. ఎక్కడో పెట్టి మళ్ళీ మర్చిపోతారు."