గిర్దావరు చూసిన బురద

భూములు తనిఖీ చేసి లెక్కలు రాసే గిర్దావరు బుచ్చారెడ్డి బూట్లకిచ్చే మర్యాద మనుషులకివ్వడు. వరద తగ్గాక ధరూరు దగ్గర కృష్ణ ఒడ్డున తేలిన బురదనేల చూడడానికి వచ్చి, బూట్లకు మట్టంటకుండా బెస్త తిమ్మప్ప వీపెక్కాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చుట్టూ ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కులు గుచ్చి పురుగులేరుకుంటున్నాయి. బొక్కబొక్కలోంచీ ఓ ఎండ్రకాయ తొంగిచూస్తోంది. “ఈడ ఏమున్నది? అంత ఖాళీ జమీను. దేశ్‌ముఖు తోటకు రాస్త” అన్నాడు. “మా బతుకంత ఈడనే ఉన్నదయ్యా” అన్నాడు కిందనుంచి తిమ్మప్ప. గిర్దావరు వినిపించుకోకుండా, ఆ వీపు దిగకుండానే తిమ్మప్ప నెత్తి మీద కాగితం పరిచి ‘ఖాళీ’ అని రాశాడు.

మధ్యాహ్నం చావడిలో, తిమ్మప్ప భార్య హనుమక్క వండిన ఎండ్రకాయల కూర వేళ్లు నాకుతూ తిన్నాడు. “ఇంకింత ఎయ్యి. ఏడ దొరికినయే ఇవి?”

“మీరు ఖాళీ అని రాసిన తాననే అయ్యా” అంటూ హనుమక్క కూరకుండ బోర్లించి చూపించింది.