రూతమ్మ కుట్టిన పదకొండు పుస్తకాలు

కాశీబుగ్గలో మేము అద్దెకుంటున్న వరుస ఇళ్లలో రోడ్డు వైపు చివరి గది రూతమ్మది. ఆ గది తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా వస్తారని కాదు. మూసేస్తే లోపల మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలియదని ఒకసారి నాతో అంది. భర్త వరప్రసాదు కిడ్నీ జబ్బుతో పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. ముప్ఫై ఏళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసింది. మొదట గింజలు కొట్టింది, తర్వాత పొట్టు తీసింది, చివర్లో పప్పును గుండు, బద్ద, ముక్క అని వేరుచేసే బల్ల దగ్గర కూర్చుంది. ఆ పనికి మిషను వచ్చాక బల్ల తీసేశారు, బల్లతో పాటు ఆమెనూ.

జీడి సొన కాల్చిన వేళ్ల చివర్లు ఇప్పటికీ నల్లగా, నున్నగా ఉంటాయి. రేషన్ బియ్యానికి వేలిముద్ర పెడితే మిషను ఆమెను గుర్తుపట్టదు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టాలి.

"నానున్నానని దానికి నమ్మకం నేదమ్మా," అని నవ్వుతుంది.

నేను టెక్కలి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ఆయన లోకనాథ్‌ది పైడిభీమవరంలో మందుల కంపెనీ ఉద్యోగం. షిఫ్టు కుదిరితే ఆదివారం వస్తాడు, లేకపోతే లేదు. మా అమ్మాయి అమ్ములు మూడో తరగతి. బడి నాలుగింటికి వదిలితే నేను బస్సు దిగేసరికి ఆరవుతుంది. ఆ రెండు గంటలూ పిల్ల రూతమ్మ దగ్గర ఉండేది. రూతమ్మకు రోజు మొత్తంలో మాట్లాడే మనిషి ఉండేది ఆ రెండు గంటలేనని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నా భయం నాది.

నా భయం అమ్ములు చదువు గురించి. పేజీకొక బొమ్మా రెండు వాక్యాలూ ఉండే పల్చటి పుస్తకాలను మంచినీళ్లలా చదివేస్తుంది. ఇక అధ్యాయాలున్న పుస్తకం మొదలుపెట్టమని టీచరు బడి లైబ్రరీ నుంచి ఒకటి ఇచ్చారు. నౌపడ ఉప్పుమళ్లలో తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్లే ఒక పిల్ల కథ. తొంభై ఆరు పేజీలు, పదకొండు అధ్యాయాలు. అధ్యాయానికి ఒక చిన్న బొమ్మ, మిగతా అంతా అక్షరాలే. అమ్ములు మొదటి పేజీ చదివేది, పుస్తకాన్ని పక్కనుంచి చూసేది, మిగిలిన మందాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి కొలిచి మూసేసేది.

కొలవగలిగిన దేన్నైనా బాగుచేయవచ్చని నేను చదివిన సైన్సు నేర్పింది. ఫ్రిజ్ మీద గ్రాఫు కాగితం అంటించాను. అడ్డంగా తేదీలు, నిలువుగా పేజీలు. ఎనిమిది రోజులైనా గీత కింది గడి దాటి లేవలేదు. పక్కింటి పిల్లలు లావుపాటి పుస్తకాలు చదువుతున్నారని విన్నప్పుడల్లా వెళ్లి ఆ గ్రాఫు చూసేదాన్ని. "ఇవాళ ఎన్ని పేజీలు?" అన్నది ఇంట్లో అడుగుపెట్టగానే నా మొదటి మాట అయింది. తొమ్మిదో రోజు పుస్తకం ఇంటికి రాలేదు. రూతమ్మ మామ్మ దగ్గరుంది అని చెప్పింది అమ్ములు.

తర్వాతి వారం గురువారం కాలేజీ ముందుగా వదిలేశారు. నాలుగున్నరకే ఇంటికి వచ్చాను. రూతమ్మ గుమ్మంలో చాప మీద అమ్ములు బోర్లా పడుకుని ఉంది. పుస్తకం కనబడలేదు. దాని అట్ట మాత్రం, లోపల ఏమీ లేకుండా, గోడవారగా పడి ఉంది. చాప మీద పదకొండు పల్చటి కట్టలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి పాత కేలండర్ కాగితంతో అట్ట. గోనె సంచుల మూతి కుట్టే దబ్బనంతో, పురికొసతో మూడేసి కుట్లు.

"ఏం చేశారిది?"

రూతమ్మ ముఖం వెలిగింది. మెచ్చుకోడానికి అడిగాననుకుంది.

"కోసినానమ్మా. పాఠానికొకటి. గుండు మింగుడు పడని పిల్లకి బద్ద సేసి పెడతాం గదా. ఇదీ అంతే. లావు సూసి బెదిరిపోతంది గానీ దీనికి సదువు రాకేటి?"

"ఇది బడి పుస్తకం రూతమ్మా! తిరిగి ఇచ్చేయాలి!"

ఆమె చేతిలో దబ్బనం ఆగిపోయింది. "మీరు కొన్నారనుకున్నాను..."

"లోపల ముద్ర ఉంది కదా, కనబడలేదా? చదవడం వచ్చు అన్నారు?"

"అమ్మా, మేము..." అంది అమ్ములు.

"నువ్వు మాట్లాడకు."

రూతమ్మ దబ్బనం పక్కన పెట్టింది. కట్టలను వరస తప్పకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఖాళీ అట్ట పెట్టి, పురికొసతో కట్టి నా చేతికిచ్చింది. "తప్పయిపోనాదమ్మా," అంది. ఇంటికి వెళ్లి అట్ట తెరిచి చూస్తే ముద్ర ఇంగ్లీషులో ఉంది. రూతమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ సంగతి నాకు తెలుసు.

తెలిసినా వెళ్లి చెప్పలేదు. మర్నాటి నుంచి అమ్ములును స్టేషన్ రోడ్డులో దేవి అనే టీచరు దగ్గర ట్యూషన్‌లో పెట్టాను. ఒకే గదిలో ఇరవై ఆరుగురు పిల్లలు. సాయంత్రం మేమిద్దరం రూతమ్మ గుమ్మం ముందు నుంచే ఇంటికి రావాలి. తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉండేది.

"పిల్ల బాగుందేటమ్మా?" అనేది లోపల నుంచి.

"ఆఁ," అనేదాన్ని, నడక ఆపకుండా.

మా వరసలో మూడో ఇంటి కాంతం నీళ్ల కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది. "ఏటి మేడమ్, ముసల్దాని మీద అంత కోపమేటి మీకు? నాలుగవ్వగానే సాప పరిసి కూకుంతాది. ఆరవ్వగానే సుట్టేత్తాది. పోనీ పాపమని నానెల్లి కూకుంటే 'అది అమ్ములు జాగా, నువ్విటు కూకో' అంతాది! నానేటి, మనిసిని కాదా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అమ్ములు పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు. పాత బొమ్మల పుస్తకాలు మళ్లీ తీసింది. అవి ఆమెకు కంఠతా వచ్చు. పేజీ చూడకుండానే తిప్పేది. గ్రాఫు మీద గీత గీయడం నేనే మానేశాను.

రెండు వారాల తర్వాత, బైండింగ్ చేయించి బడికి ఇచ్చేద్దామని కట్టలు తీసుకుని బస్టాండు వెనక సన్యాసి దుకాణానికి వెళ్లాను. కాలేజీ రికార్డు పుస్తకాలన్నీ కుట్టేది అతనే. ఒక కట్టను వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఎవులు కోసినారు మేడమ్, ఇంత తిన్నగా? నా కత్తికి కూడా ఇలాగ తెగదు." ఇంకో కట్ట విప్పి ఆగాడు. "ఇదేటిది? ఇది అచ్చు కాదు గదా. సేత్తో రాసినారు."

తీసుకుని చూశాను. రెండో అధ్యాయం ఒక పేజీ మధ్యలో ముగుస్తుంది. దాని వెనకవైపే మూడోది మొదలవుతుంది. కాగితం ఒకటే, రెండు కట్టల్లోకి రాదు. ఆ కాగితాన్ని మూడో కట్టలో ఉంచి, రెండోదాని చివరి అర పేజీని రూతమ్మ వేరే కాగితం మీద రాసి కుట్టింది. పెన్సిలుతో గీతలు కొట్టుకుని, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది. చెరిపి మళ్లీ రాసిన చోట కాగితం నలిగి పల్చబడింది. రూతమ్మ చర్చిలో ఆడవాళ్ల కూటంలో, నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకుంది. బైబిలు తప్ప ఇంకో పుస్తకం చదివినట్టు నాకు తెలియదు. అలా రాసిన పేజీలు ఆరున్నాయి.

అప్పుడే పేరాల పక్కన అంచులో గుర్తులు కనబడ్డాయి. ఒక పేరాకు 'అ', తర్వాతి పేరాకు 'రూ', మళ్లీ 'అ'. సన్యాసి టీ తాగుతూ చూస్తున్నాడు. నేను అతని బల్ల దగ్గర నిలబడి లెక్కపెట్టాను. మొదటి అధ్యాయంలో సగం సగం. రెండోదానిలో 'అ'లు కొంచెం ఎక్కువ. నాలుగోదానిలో 'అ'లు పదిహేడు, 'రూ'లు మూడు. ఐదో కట్ట నుంచి గుర్తులు లేవు. ఆ గురువారం నేను వెళ్లేసరికి వాళ్ల చదువు అక్కడిదాకా వచ్చింది.

"కుట్టీమంటారా మేడమ్?"

"వద్దు," అన్నాను.

ఆ సాయంత్రం ఆ గుర్తులేమిటని అమ్ములును అడిగాను.

"ఒకటి మామ్మ, ఒకటి నేను. వాళ్ల చర్చిలో అలాగే చదువుతారంట. పాస్టరు అయ్యగారు ఒక వచనం చదివితే తర్వాతది అందరూ కలిపి చదవాలంట. అయితే మామ్మకి కళ్లు మసకలు కదా, తన వంతులు నాకే ఇచ్చేసేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మాట్లాడొద్దన్నావు."

మర్నాడు బడిలో టీచరుకు జరిగింది చెప్పి, అదే పుస్తకం ఇంకొకటి తెప్పించి ఇస్తానని ఒప్పుకున్నాను. సాయంత్రం కట్టలు పట్టుకుని ఇద్దరం రూతమ్మ గుమ్మంలో నిలబడ్డాం. చాప పరిచే ఉంది.

"రూతమ్మా, ఆ ముద్ర ఇంగ్లీషులో ఉంది. తెలిసి కూడా వచ్చి చెప్పలేదు. ఆ రోజు నేను అలా అనాల్సింది కాదు."

"పోన్లెండమ్మా. కొయ్యక ముందు అడగాల్సింది నాను." ఆమె కళ్లు నా మీద లేవు. అమ్ములు మీద ఉన్నాయి. "ఒలే, మేక దొరికిందేటి?"

"తెలీదు మామ్మా. నేను చదవలేదు."

"సదవనేదా! ఇన్నాళ్లూనా?"

"నీ వంతులు ఉన్నాయి కదా. నేనొక్కదాన్నే ఎలా చదువుతాను?"

రూతమ్మ ముందుకు వంగింది. చాప మీద పిల్ల జాగాను చేత్తో తుడిచింది. తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు.

మిగిలిన ఏడు కట్టలు పది రోజుల్లో అయిపోయాయి. ఏడో అధ్యాయానికి రూతమ్మ వంతు ఒక్కటే మిగిలింది. తొమ్మిదోదానిలో అదీ లేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేది. మేక దొరికింది, పక్కన రెండు పిల్లలతో. "నాననుకున్నాను! సూలుతో ఉన్న మేక ఊరికే ఎలిపోద్దేటి!" అని రూతమ్మ చేతులు చరిచింది. తర్వాత చివరి కట్టను మిగతావాటి మీద పెట్టి, "అయిపోనాదన్నమాట," అంది.

నవంబరులో టీచరు ఇంకో పుస్తకం ఇచ్చారు. నూట నలభై పేజీలు. అమ్ములు దాన్ని పక్కనుంచి కొలవలేదు. ఆ రోజు నేను పని తొందరగా ముగించుకుని ఐదింటికే బస్సు దిగి వచ్చేసరికి ఇద్దరూ చాప మీద ఉన్నారు. రూతమ్మ ఒళ్లో దబ్బనం, పురికొస.

"ముందే సెప్పు తల్లీ, మనదా, బడిదా?"

"బడిదే. దీన్ని కొయ్యక్కర్లేదు మామ్మా. ఒక పాఠం అవగానే నేనే ఆగుతాను."

రూతమ్మ పురికొస ముక్క ఒకటి తెంపి, మొదటి అధ్యాయం ముగిసే పేజీలో పెట్టి ఇచ్చింది. అమ్ములు చదవడం మొదలుపెట్టింది. మొదట పెదవులు కదిలాయి, తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

"పైకి సదువే, ఇంటాను."

"పైకి చదివితే లేటవుతుంది మామ్మా. అయ్యాక కథ చెప్తాలే."

"సరే మరి," అంది రూతమ్మ.

నేను దగ్గరికి వెళ్లి పలకరించబోయాను. ఆమె నల్లటి వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను ఆపింది. నెలల తరబడి నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. చెప్పులు విప్పి నిశ్శబ్దంగా గడప మీద కూర్చున్నాను.

మొదటి అధ్యాయం అయిపోయింది. అమ్ములు ఆగలేదు. పేజీ తిప్పినప్పుడు పురికొస ముక్క జారి చాప మీద పడింది. పిల్ల చూడలేదు. రూతమ్మ దాన్ని తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

ఆరు దాటింది. చాప చుట్టే వేళ అయింది. అమ్ములు ఇంకో పేజీ తిప్పింది. రూతమ్మ ఆమెను లేపలేదు. తెరిచిన తలుపు పక్కన గోడకు ఆనుకుని, తన వంతు వస్తుందేమో అన్నట్టు కూర్చుంది.